గాల్లో గిరగిరా... చేతిలో చిట్టి చెయ్యి

జెయింట్ వీల్ ఎక్కాలని పిల్లలు మారాం చేస్తారు. ఎక్కించాలంటే పెద్దలకు గుండెల్లో గుబులు. నాంపల్లి నుమాయిష్‌లో ఏటా వేల ఇళ్లకు ఎదురయ్యే ఈ తకరారు తీరేదెలా? అబిడ్స్ నుంచి అలా నడుచుకుంటూ వెళ్లి చూసొద్దాం రండి!

జనవరి వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లో చిన్నపిల్లలున్న ఇళ్లన్నిట్లోనూ ఒకటే పాట... 'నుమాయిష్‌కి ఎప్పుడెళ్దాం?' అని. నుమాయిష్ అనగానే అమ్మకు కశ్మీరీ శాలువాలూ లక్నో చికన్ కుర్తాలూ గుర్తొస్తాయి. నాన్నకు మిర్చి బజ్జీలు, నాయనమ్మకు డ్రైఫ్రూట్స్ కొట్లు. పిల్లలకు మాత్రం ఇవేవీ పట్టవు. గేటు దాటకముందే వాళ్ల కళ్లు ఆకాశంలోకి వెళ్లిపోతాయి. అక్కడ రంగురంగుల దీపాలతో తిరుగుతూ ఉంటుంది జెయింట్ వీల్!

మన ఊళ్ల తిరునాళ్లలో నలుగురు కూర్చునే చెక్క రంగులరాట్నాన్ని చేత్తో తిప్పేవాళ్లు. పిల్లాడు ఏడిస్తే చేత్తోనే ఆపేసేవాళ్లు. ఇప్పుడు తిప్పేది మోటారు. ఎత్తు పెరిగింది, వేగం పెరిగింది. పెరగనిది ఒక్కటే... నాలుగేళ్ల పిల్లాడి చెయ్యి. ఆ పిడికిట్లో కమ్మీ పూర్తిగా ఇమడదు. అందుకే ఎక్కించే ముందు కాస్త ఆలోచించాల్సింది మనమే.

అబిడ్స్ మీదుగా...

ఆదివారం అయితే అబిడ్స్ నుంచే బయల్దేరడం బాగుంటుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పేరే ఈ ప్రాంతానికి స్థిరపడిపోయింది. ఆదివారం షాపుల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్‌లన్నీ పాత పుస్తకాలవే. పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం కొనిచ్చి, జీపీఓ దాటి ముందుకెళ్తే మొజంజాహీ మార్కెట్ వస్తుంది. ఏడో నిజాం తన రెండో కొడుకు మొజంజా పేరిట 1935లో కట్టించిన రాతి కట్టడం. గడియార స్తంభం కింద ఐస్‌క్రీమ్ తినాలని పిల్లలు పట్టుబడతారు. అది తిరుగు ప్రయాణానికి అట్టే పెట్టుకోవడమే మేలు. కడుపు నిండా తిని గిరగిరా తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

మార్కెట్ నుంచి నాంపల్లి వైపు తిరిగితే నుమాయిష్ మైదానం దగ్గరే. గోషామహల్, అజంతా, గాంధీభవన్... ఇలా మూడు గేట్లు. ఏ గేటు నుంచి లోపలికి వెళ్లారో పిల్లలకు చెప్పి ఉంచండి. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో వినిపించడం నుమాయిష్‌లో పాత అలవాటే. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెడితే ఆ మైకు పని ఇంకాస్త తేలికవుతుంది.

రెండున్నర రూపాయలతో మొదలు

ఇంత పెద్ద సంబరం మొదలైంది రెండున్నర రూపాయల మూలధనంతో అని చెబుతారు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు కొందరు, స్థానికంగా తయారయ్యే వస్తువులను జనానికి చూపించాలనుకున్నారు. పక్కనే ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రదర్శన పెట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ప్రారంభించారు. అప్పట్లో అది పది రోజుల ముచ్చటే. ఉర్దూలో నుమాయిష్ అంటే ప్రదర్శన అని అర్థం. జనం పెరిగి తోట చాలకపోవడంతో 1946లో ఇప్పుడున్న మైదానానికి మార్చారు. దేశ విభజన, పోలీసు చర్యల గందరగోళంలో 1947, 48 సంవత్సరాల్లో జరగలేదు. మళ్లీ 1949లో అప్పటి గవర్నర్ జనరల్ చక్రవర్తుల రాజగోపాలాచారి ప్రారంభించారు.

ఇప్పుడు సుమారు 23 ఎకరాల్లో బోలెడన్ని స్టాళ్లు, నెలన్నర సందడి. వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతుంది. మైదానం ఆవరణలోనే ఉన్న సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయ, కమలానెహ్రూ పాలిటెక్నిక్ ఆ కోవలోవే. అంటే మీరు కొన్న టికెట్‌లో కొంత ఎక్కడో ఒక ఆడపిల్ల చదువుకు చేరుతుందన్నమాట!

ఎస్కలేటర్ కూడా యంత్రమే!

2018 సెప్టెంబరులో అమీర్‌పేట- ఎల్బీనగర్ మార్గం మొదలయ్యాక చాలామంది మెట్రోలోనే నుమాయిష్‌కి వస్తున్నారు. గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే మైదానం ఎదురుగానే. ఇక్కడే ఒక మాట. పిల్లలతో మనం ఎక్కే మొదటి కదిలే యంత్రం జెయింట్ వీల్ కాదు, స్టేషన్‌లోని ఎస్కలేటరే. రోజూ చూసేది కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పిల్లల్ని పక్క అంచుకు కాకుండా మెట్టు మధ్యలో నిలబెట్టాలి. మెట్టుకూ పక్క పలకకూ మధ్య ఉండే సందులోకి మెత్తటి రబ్బరు చెప్పులు సులువుగా ఇరుక్కుంటాయి. చున్నీ అంచు, లంగా కుచ్చిళ్లు, విడిపోయిన బూటు లేసు కూడా అంతే. మెట్ల మీద కూర్చోనివ్వకూడదు. మెట్లు అయిపోయే చోట కాలు ఎత్తి వేయమని ముందే చెప్పాలి. పిల్లల బండి ఉంటే ఎస్కలేటర్ జోలికి పోకుండా లిఫ్టులో వెళ్లాలి. ఎస్కలేటర్ పైనా కిందా ఎర్ర మీట ఉంటుంది. ఏదైనా ఇరుక్కుంటే ఆ మీట నొక్కితే ఆగిపోతుంది. అది ఎక్కడుందో ఎక్కేముందే ఓసారి చూసుకోవడానికి అర నిమిషం కూడా పట్టదు.

టికెట్ కొనకముందు ఒక రౌండు

సరే, జెయింట్ వీల్ దగ్గరికి వచ్చేశాం. పిల్లాడు చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. అయినా సరే, వెంటనే టికెట్ కౌంటర్ దగ్గరికి పరుగెత్తొద్దు. ఒక రౌండు పూర్తయ్యేదాకా పక్కన నిలబడి చూడండి. ఇవి శాశ్వతంగా పునాదిలో పాతిన యంత్రాలు కావు. ఒక ఊళ్లో విప్పి లారీల్లో ఎక్కించి, ఇంకో ఊళ్లో మళ్లీ బిగించేవి. కాబట్టి బిగింపులో శ్రద్ధే వాటికి ప్రాణం. లోపలి నట్లూ బోల్టులూ మనకు కనిపించవు. కానీ కళ్లకు కనిపించేవి కొన్ని ఉన్నాయి.

ప్రతి డబ్బాకూ తలుపు, గడియ లేదా అడ్డుగొలుసు ఉన్నాయా? బయల్దేరే ముందు కుర్రాడు వాటిని ఒక్కొక్కటీ లాగి చూస్తున్నాడా, లేక కూర్చోగానే మీట తిప్పేస్తున్నాడా? నడిపే మనిషి చూపు యంత్రం మీద ఉందా, ఫోన్ మీద ఉందా? దిగేవాళ్లను పూర్తిగా ఆపాకే దింపుతున్నారా? చుట్టూ కంచె ఉందా, జనం చక్రం కిందికి వచ్చేస్తున్నారా? ఎత్తు కొలిచే గీత ఉంటే అందరికీ ఒకేలా కొలుస్తున్నారా? ఈ ప్రశ్నల్లో రెండింటికి జవాబు నచ్చకపోయినా, ఆ రోజుకు పిల్లాడికి పీచుమిఠాయి కొనిచ్చి ముందుకు కదలడమే ఉత్తమం.

'గొలుసు పెట్టన్నా... అప్పుడే కూసుంటా!'

కిందటి జనవరిలో ఓ సాయంత్రం చూసిన సంగతి ఇది. వరుసలో ఒక తల్లి, నాలుగేళ్ల పాప, వాళ్ల నాయనమ్మ. వాళ్ల వంతు వచ్చింది. డబ్బాకు అడ్డుగొలుసు వేలాడుతోంది గానీ కొక్కెం తగిలించలేదు. తల్లి లోపలికి అడుగు పెట్టకుండా నిలబడిపోయింది.

''ఏం గాదమ్మా, ఎక్కుండ్రి. రోజూ ఎంతమంది ఎక్కుతలేరు!'' అన్నాడు కుర్రాడు.

''గొలుసు పెట్టి చూపియ్యన్నా... అప్పుడే కూసుంటా'' అందామె.

వెనకాల వరుసలో సణుగుడు మొదలైంది. ''గింత భయముంటే ఎందుకొచ్చిన్రు'' అన్నారెవరో. నాయనమ్మ వెనక్కి తిరిగి, ''భయం కాదు బిడ్డా, బుద్ధి. నీకూ పిల్లలుంటే తెలుస్తది'' అంది. వరుసంతా నవ్వు! కుర్రాడూ నవ్వుకుంటూ వచ్చి కొక్కెం తగిలించి, రెండుసార్లు లాగి చూపించాడు. తర్వాతి డబ్బాకు ఎవరూ అడగకుండానే లాగి చూశాడు. ఒక్కరు అడిగితే వెనకున్న అందరికీ మేలు జరగడమంటే ఇదే.

వరుసలో నలుగురి ముందూ అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది నిజమే. కానీ ఆ మొహమాటం ఖరీదు పిల్లల భద్రత అయినప్పుడు దాన్ని కాసేపు ఇంటి దగ్గరే వదిలేసి రావాలి.

ఒళ్లోనా... పక్కనా?

చిన్నపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే భద్రం అనుకుంటాం. ఇంట్లో అయితే నిజమే. తిరిగే యంత్రంలో కాదు. ఒక కుదుపు వస్తే మన చేతుల పట్టే పిల్లలకు ఆధారం. అడ్డకమ్మీ మన తొడల మీద ఆగిపోతుంది, ఒళ్లో ఉన్న పిల్లాణ్ని అది ఆపదు. అందుకని నిర్వాహకులు ప్రత్యేకంగా చెబితే తప్ప, పిల్లలు సీటు మీదే కూర్చోవాలి. వీపు వెనక్కి ఆనాలి. తలుపుకు దూరంగా లోపలివైపు పిల్లలు, తలుపు వైపు పెద్దలు. ఇద్దరు పెద్దలుంటే మధ్యలో కూర్చోబెట్టడం ఇంకా మంచిది.

ఇద్దరికీ కలిపి ఒకే అడ్డకమ్మీ ఉండే వాటిలో ఇంకో చిక్కుంది. అది లావుపాటి మనిషి తొడల దగ్గర ఆగిపోతుంది. పక్కనున్న పిల్లాడికీ కమ్మీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోంచి జారిపోయే వయసు పిల్లల్ని అలాంటివి ఎక్కించకపోవడమే మంచిది. గిర్రున తిరిగే రైడ్లలో మనుషులు బయటి వైపుకు నెట్టుకుపోతారు. అక్కడ పెద్దలు బయటివైపు, పిల్లలు లోపలివైపు కూర్చోవాలి. లేదంటే పెద్దవాళ్ల బరువంతా పిల్లల మీదే! ఉయ్యాలలా ఊగే కొలంబస్ ఓడలో చివరి వరుసలు బాగా పైకి లేస్తాయి. మధ్య వరుసల్లో ఊపు తక్కువ.

ఎక్కే ముందు చున్నీ ముడి వేసుకోవాలి. చీరకొంగు నడుముకు దోపుకోవాలి. పొడుగు జడలు ముందుకు వేసుకోవాలి. భుజాన వేలాడే సంచీలూ, పిల్లల చేతిలోని బుడగలూ కింద ఉన్నవాళ్లకు ఇచ్చేయాలి. పైనుంచి చెప్పు జారినా, ఫోన్ పడినా వంగి అందుకోవాలని చూడొద్దు. చెప్పు మళ్లీ కొనుక్కోవచ్చు.

పైన ఆగితే...

జెయింట్ వీల్ మధ్యమధ్య ఆగుతుంది. మన డబ్బా సరిగ్గా పైన ఉన్నప్పుడు ఆగితే పిల్లలు బెంబేలెత్తిపోతారు. నిజానికి ఆ ఆగడం మామూలే. కింద ఇంకొకరు ఎక్కుతున్నారని అర్థం. చక్రం ఒకవైపే బరువెక్కకుండా ఎదురెదురు డబ్బాలను నింపుకుంటూ వస్తారు. అందుకే 'మేమంతా ఒకే డబ్బాలో కూర్చుంటాం' అని పట్టుబట్టకూడదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెబితే, పైన ఆగినప్పుడు ఏడవరు సరికదా, 'ఇప్పుడు కింద ఎవరో ఎక్కుతున్నారు' అని మనకే చెబుతారు.

నిజంగానే ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2025 జనవరి 16న ఇదే నుమాయిష్‌లో ఒక రైడ్ మధ్యలో నిలిచిపోయి, అందులో ఉన్నవాళ్లు దాదాపు అరగంట తలకిందులుగా ఉండిపోయారు. సిబ్బంది సరిచేశాక క్షేమంగా దిగారు. అంతకు ముందు 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర ఊగే రైడ్ విరిగి ఇద్దరు చనిపోయారు. భయపెట్టడానికి కాదు ఇవి చెప్పడం. తలకిందులు చేసే రైడ్లు చిన్నపిల్లలకు కావని గుర్తుచేయడానికి.

ఆగిపోతే చేయాల్సింది చాలా చిన్న పని... కూర్చున్నచోటే కూర్చోవడం. తలుపు తెరవకూడదు, లేచి నిలబడకూడదు, దూకడం అసలే కూడదు. పిల్లాణ్ని దగ్గరికి హత్తుకుని, కిందికి కాకుండా దూరంగా చూపించాలి. 'అదిగో నాంపల్లి స్టేషన్, అదిగో అసెంబ్లీ' అంటూ కబుర్లు చెప్పాలి. పెద్దల గొంతు వణక్కపోతే పిల్లల గుండె కుదుటపడుతుంది. తిరుగుతున్నప్పుడే పిల్లాడు తట్టుకోలేక ఏడుస్తుంటే, కింద ఉన్నవాళ్లకు చేత్తో సైగ చేసి ఆపమనాలి. మనవాళ్లు ఒకరు కింద నిలబడి పైకే చూస్తుండటం అందుకే అవసరం.

దిగేటప్పుడు డబ్బా పూర్తిగా ఆగాక, కుర్రాడు గడియ తీశాక, ముందు ఒక పెద్దవాళ్లు దిగి పిల్లల్ని అందుకోవాలి. దిగగానే పక్కకు వచ్చేయాలి. డబ్బా కింద నిలబడి చెప్పులు సర్దుకోకూడదు.

అరటి గెల నుంచి మంచుకొండకు

ఈ చక్రం కథకు పెద్ద చరిత్రే ఉంది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన కోసం జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజినీరు 264 అడుగుల చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, ఒక్కోదాంట్లో 60 మంది! జెయింట్ వీల్‌ను ఇంగ్లిష్‌వాళ్లు 'ఫెర్రిస్ వీల్' అనడం అందుకే.

మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లను పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్టుది ఇంకా చిత్రమైన కథ. అమెరికాలో యూనియన్ పసిఫిక్ రైల్వే ఇంజినీరు జేమ్స్ కరన్, ఓడల్లోకి అరటి గెలల్ని కొక్కేలకు తగిలించి ఎక్కించే పద్ధతి చూశాడు. గెల బదులు కుర్చీ తగిలిస్తే? అలా 1936లో సన్ వ్యాలీలో మొదటి కుర్చీ లిఫ్టు వచ్చింది. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని గుల్మార్గ్, ఔలీ వెళ్లే మనవాళ్లూ, అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లి మనవళ్లతో మంచుకొండలు చూసే తాతయ్యలూ అమ్మమ్మలూ ఇప్పుడు ఎంతమందో!

అక్కడ ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. నుమాయిష్‌లో చక్రం మనకోసం ఆగుతుంది. కుర్చీ లిఫ్టు మామూలుగా ఆగదు. వెనకనుంచి వచ్చి, కూర్చోబెట్టుకుని వెళ్లిపోతుంది. కాబట్టి ముందు రెండుమూడు కుర్చీలు పోనిచ్చి, వాళ్లు ఎలా కూర్చుంటున్నారో పిల్లలకు చూపించాలి. పిల్లాణ్ని సిబ్బంది నిలబడిన వైపు ఉంచాలి. కొత్తగా ఎక్కుతున్నామని చెబితే వేగం తగ్గిస్తారు, చెయ్యి అందిస్తారు. వీపు సంచీ తీసి ఒళ్లో పెట్టుకోవాలి. మఫ్లర్ చివరలు కోటులోకి దోపాలి. కూర్చోగానే వీపు ఆనించి, అడ్డకమ్మీ దించాలి. పిల్లాడు సరిగ్గా కూర్చోలేదనిపిస్తే వెంటనే గట్టిగా కేక వేయాలి. లిఫ్టు ఆపేస్తారు. పైకి చేరాక, బోర్డు చెప్పిన చోటే కమ్మీ ఎత్తి, తిన్నగా ముందుకు దిగి పక్కకు తప్పుకోవాలి. కుర్చీ మధ్యలో ఆగితే ఇక్కడి సూత్రమే అక్కడా... కూర్చున్నచోటే కూర్చోవడం.

చూశారా! గొలుసు లాగి చూడమని నాంపల్లిలో నేర్చుకున్న పిల్లలు, మంచుకొండ మీద కమ్మీ దించమని వాళ్లే అడుగుతారు.

'వద్దు' అనడమూ ముద్దే

అన్నీ చూశాక కూడా మనసు ఒప్పుకోకపోవచ్చు. పిల్లాడే వరుస చివర దాకా వచ్చి 'నాకు భయం' అనవచ్చు. టికెట్ డబ్బులు దండగవుతాయని బలవంతంగా ఎక్కించడం, 'మగపిల్లాడివి, భయమేంట్రా' అని ఎగతాళి చేయడం కూడదు. భయపడుతున్న పిల్లాడు పైన లేచి నిలబడటానికీ, దిగిపోవడానికీ ప్రయత్నిస్తాడు. అది అందరికీ ప్రమాదం. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది. నుమాయిష్ ఎక్కడికీ పోదు. 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదంలో ఎన్నో స్టాళ్లు బూడిదైనా నిలదొక్కుకుంది. కోవిడ్ వల్ల 2021లో జరగకపోయినా మళ్లీ వచ్చింది.

చిన్నవాళ్ల కోసం మైదానం చుట్టూ తిరిగే చుక్‌చుక్ రైలుంది. నేల మీదే తిరిగే గుర్రాలున్నాయి. వాటి దగ్గరా అంతే, ఎక్కేముందు ఒక రౌండు చూడటం, పట్టీ పెట్టించుకోవడం. తిరుగు దారిలో ఎలాగూ మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ బాకీ ఉంది కదా!

ఈ ఆదివారం బయల్దేరేముందు పిల్లలకు మూడు మాటలు ఆటలా నేర్పండి... 'వీపు వెనక్కి, చేతులు కమ్మీకి, ఆగేదాకా సీటుకి'. దారంతా వాళ్లతో అనిపించండి. వరుసలో మీరు గొలుసు సంగతి అడగడం మరిచిపోయినా, వాళ్లు మరిచిపోరు!